మోకాలి కింద బొమిక విరిగితే: రాడ్డా, ప్లేటా, బయటి ఫ్రేమా?

విశాఖలో కూర్మన్నపాలెం దగ్గరో కొమ్మాది దగ్గరో హైవే మీద బండి జారి కాలు విరిగిందంటే, ఆసుపత్రి వరండాలో చుట్టాల మధ్య నడిచే వాదన ఒకటే. "మా బావమరిదికి రాడ్ వేశారు, ఇప్పటికీ గొంతుక్కూర్చోలేడు, ప్లేటే వేయించండి" అంటారొకరు. "ప్లేటు వేస్తే మా పక్కింటాయనకి కుట్లు విచ్చుకుపోయాయి, రాడ్డే నయం" అంటారింకొకరు. ఇద్దరిదీ నిజమే. కాకపోతే ఆ బావమరిదికీ ఈ పక్కింటాయనకీ బొమిక ఒకేచోట విరగలేదు, పైన చర్మానికి తగిలిన దెబ్బా ఒకటి కాదు.

మోకాలికీ చీలమండకీ మధ్య రెండెముకలు. లోపలివైపు లావుపాటిది టిబియా, బయటివైపు సన్నటిది ఫిబులా. బరువు దాదాపు అంతా మోసేది టిబియానే. కాలి ముందు భాగాన్ని వేలితో పైనుంచి కిందికి తడిమి చూడండి: ఎముక లోపలి ముఖమంతా చర్మం కిందే తగులుతుంది, నడుమ కండ లేదు. ఈ ఆపరేషన్లలోని చిక్కంతా అక్కడే ఉంది. కండ అడ్డు లేదు కనుక విరిగిన మొన సులువుగా చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. రక్తప్రసరణ తక్కువ కనుక అతుకు ఆలస్యమవుతుంది. కోత పెడితే అది మానడమూ కష్టమే. అందుకే రాడ్డా ప్లేటా అన్నది మూడో ప్రశ్న. ఎక్కడ విరిగింది అన్నది మొదటిది, పైన చర్మం ఎలా ఉంది అన్నది రెండోది.

నడిమధ్యలో విరిగితే

చర్మం చిట్లకుండా, ఎముక నడిమి భాగంలో విరిగి, ముక్కలు పక్కకు జరిగి ఉంటే పెద్దగా వాదనకు చోటు లేదు. రాడ్డే మేలు. డాక్టర్లు దీన్ని ఇంటర్‌లాకింగ్ నెయిల్ అంటారు. మూలుగ ఉండే గొట్టంలోకి పైనుంచి దించే లోహపు కడ్డీ ఇది; పైనా కిందా అడ్డంగా స్క్రూలు దిగుతాయి, వాటిని బోల్టులంటారు. కడ్డీ ఎముక నడిమధ్యన ఉంటుంది కనుక నడిచేటప్పుడు పడే బరువును ఎముకతో పంచుకుంటుంది. ప్లేటనే లోహపు పట్టీ ఎముకను పక్కనుంచి పట్టుకుంటుంది కనుక వంపు ఒత్తిడంతా దాని మీదా స్క్రూల మీదా పడుతుంది. విరిగినచోట చర్మాన్ని తెరవాల్సిన పని లేకపోవడం రాడ్‌కున్న రెండో లాభం. అతుకు కోసం అక్కడ గడ్డకట్టిన రక్తం అలాగే ఉంటుంది. దాన్ని కదపకపోవడమే సగం వైద్యం.

ఆపరేషన్ ఎలా సాగుతుందో తెలిస్తే తరవాత వచ్చే ఇబ్బందులు ఎందుకొస్తాయో అర్థమవుతుంది. మోకాలు 90 డిగ్రీలు దాటి మడిచి, చిప్ప కింద 3 నుంచి 5 సెంటీమీటర్ల కోత పెడతారు. చిప్ప నుంచి కిందికి దిగే స్నాయువును నిలువునా చీల్చో, దాని పక్కనుంచో టిబియా పై అంచుకు చేరతారు. ప్రవేశ రంధ్రం సరిగ్గా ఎక్కడ పడిందన్నదే సగం ఫలితం: ముందునుంచి తీసిన ఎక్స్‌రేలో మోకాలి కీలు మధ్య ముల్లులా పొడుచుకొచ్చిన రెండు ఎముక మొనల్లో బయటివైపు దానికి కాస్త లోపలగా, పక్కనుంచి తీసిన దాంట్లో కీలు ఉపరితలం ముందు అంచున పడాలి. అందులోంచి కొనన చిన్న పూస ఉన్న గైడ్ తీగను సి-ఆర్మ్ (థియేటర్లోనే ఎక్స్‌రే చూపే యంత్రం) తెర మీద చూస్తూ, విరిగినచోటు దాటించి, చీలమండ దాకా దించుతారు. తరవాత మూలుగ గొట్టాన్ని అర మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ తొలుస్తారు. తొలిచే పనిముట్టు, అంటే రీమర్, ఎముకను గట్టిగా గీరుతున్న చప్పుడు వచ్చాక ఆపి, తొలిచిన కొలతకంటే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తక్కువ లావున్న రాడ్ ఎంచుకుంటారు. మన దగ్గర పెద్దవాళ్ళకు ఎక్కువగా సరిపోయేవి 8, 9, 10 మిల్లీమీటర్లవి. తొలిచేటప్పుడు తొడకు టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించి ఉంచకూడదు. రక్తం ఆడకపోతే లోపల పుట్టిన వేడి పోయే దారి ఉండదు, ఎముక లోపలి గోడ మాడుతుంది.

మూలుగ తొలిస్తే లోపలి రక్తనాళాలు దెబ్బతింటాయి కదా, తొలవకుండా సన్న రాడ్ దించేస్తే మేలు కాదా అని చాలాకాలం వాదన నడిచింది. 2008లో వచ్చిన స్ప్రింట్ అధ్యయనం 1,200కు పైగా రోగుల మీద ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. చర్మం చిట్లని కేసుల్లో తొలిచి వేసినవాళ్ళకు మళ్ళీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం తక్కువపడింది. చర్మం చిట్లిన కేసుల్లో రెండింటికీ తేడా కనబడలేదు. సన్న రాడ్‌కు సన్న బోల్టులే పడతాయి. అవి త్వరగా విరుగుతాయి. ఆ అధ్యయనం నేర్పిన ఇంకో సంగతి ఇంతకంటే పనికొస్తుంది: అతుకు కనబడలేదని 6 నెలలు నిండకముందే తొందరపడి మళ్ళీ కోయక్కర్లేదు, చాలా ఎముకలు వాటంతటవే అతుక్కుంటాయి.

బోల్టులు వేసే వరసలోనూ కిటుకుంది. కిందివి ముందు బిగించి, రాడ్‌ను పైకి సుత్తితో వెనక్కి కొడితే విరిగిన రెండు మొనలూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ పని చేయకుండా రెండు మిల్లీమీటర్లో మూడు మిల్లీమీటర్లో ఖాళీ వదిలేసి పైబోల్టులు బిగించేస్తే, ఆ ఖాళీ పూడేదాకా నెలలు గడుస్తాయి. ఆపరేషన్ తరవాతి ఎక్స్‌రేలో విరిగిన గీత తెల్లారి కిటికీ సందులా వెడల్పుగా కనబడితే "ఇంత సందెందుకుందండీ?" అని అడగడంలో తప్పేం లేదు.

అడగాల్సిన ఇంకో సంగతి మెలిక. అడ్డంగానో, ముక్కలు ముక్కలుగానో విరిగిన ఎముకలో కింది ముక్క ఎటు తిరిగిందో ఎక్స్‌రేలో సరిగ్గా తెలియదు. టేబుల్ మీద ఉండగానే రెండు మోకాళ్ళ చిప్పలూ పైకి పెట్టి, రెండు పాదాలూ పోల్చి చూడాలి. 10 డిగ్రీలు దాటిన మెలిక నడకలో పట్టిచ్చేస్తుంది. మొదటి వారంలో తెలిస్తే కింది బోల్టులు మార్చి సరిచేయొచ్చు. అతుక్కున్నాక తెలిస్తే ఎముకను మళ్ళీ కోసి తిప్పాలి.

చిప్ప కిందనుంచా, చిప్ప పైనుంచా?

ఈమధ్య "సుప్రాపటెల్లార్ చేస్తాం" అనే మాట నగరంలోని ఆసుపత్రుల్లోనూ వినబడుతోంది. రాడ్ అదే, దారి వేరు. మోకాలును 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే వంచి, చిప్ప పైన చిన్న కోత పెట్టి, తొడ కండరం స్నాయువును చీల్చి, చిప్పకూ తొడ ఎముకకూ నడుమనుంచి ఒక గొట్టం దూర్చి, ఆ గొట్టంలోంచే పనంతా చేస్తారు. మృదులాస్థిని రీమర్ గీరేయకుండా కాపాడేది ఆ గొట్టమే.

దీని అసలు లాభం కాలు దాదాపు చాపి ఉండడం. మోకాలు బాగా మడిస్తే చిప్ప కింది స్నాయువు పై ముక్కను ముందుకు లాగుతుంది. నడిమధ్య విరుగులో దానివల్ల పెద్ద నష్టం లేదు. మోకాలికి దగ్గరగా, పై మూడోవంతులో విరిగితే మాత్రం ఆ లాగుడుకు ఎముక ముందుకు విల్లులా వంగి, బయటికి వాలిన స్థితిలోనే రాడ్ కూర్చుండిపోతుంది. కాలు చాపితే స్నాయువు సడలుతుంది, ముక్క దారికొస్తుంది. చీలమండకు దగ్గరి విరుగుల్లోనూ కాలు కదలకుండా ఉండడం, సి-ఆర్మ్ సులువుగా తిరగడం కలిసొచ్చే సంగతులు.

నష్టాలూ ఉన్నాయి. పనిముట్లు పొడుగ్గా, ప్రత్యేకంగా ఉండాలి. అవి లేనిచోట మామూలు సెట్టుతో ప్రయత్నించడం మోకాలి కీలుతో ఆటలాడడమే. చిప్ప బిగుసుకున్నవాళ్ళకూ, అరిగిన మోకాళ్ళవాళ్ళకూ గొట్టం దూరదు. చర్మం చిట్లి మురికిపట్టిన గాయంలో రాడ్‌కు చీము పడితే అది మోకాలి కీలులోకి ఎక్కే దారి తెరిచినట్టవుతుందన్న జంకు కొందరు సర్జన్లకుంది. పైగా ఎప్పుడైనా రాడ్ తీయాల్సొస్తే మామూలుగా చిప్ప కిందనుంచే తీయాలి. అంటే తప్పించుకున్నామనుకున్న కోత తరవాత పడుతుంది.

మోకాలి నొప్పి సంగతికొద్దాం. చిప్ప కింద రాడ్ వేసినవాళ్ళలో సగానికి దగ్గరమందికి మోకాలి ముందు భాగంలో ఎంతోకొంత నొప్పి మిగులుతుంది. నడకలో అంతగా తెలియదు. మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది: నమాజులో, చర్చిలో, నేల తుడిచేటప్పుడు, పీట మీదనుంచి లేచేటప్పుడు. పైనుంచి వేస్తే ఈ నొప్పి తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు, తేడా లేదని కొన్ని. అందుచేత నడిమధ్య మామూలు విరుగుకు చిప్ప పైనుంచి చేస్తామని ఎక్కువ డబ్బడిగితే ఇవ్వాల్సినంత లాభం లేదని మా అభిప్రాయం. పై మూడోవంతు విరుగైతే మాత్రం ఆ దారి తెలిసిన చెయ్యి దొరకడం అదృష్టమే.

ఆ దారి తెలియనివాళ్ళకూ ఒక ఉపాయముంది. రాడ్ ఏ వైపు జారిపోతుందో ఆ వైపు ముందుగానే ఒక అడ్డస్క్రూ దించి దారి మూసేయడం. వీటిని పోలర్ స్క్రూలంటారు. జగదాంబ జంక్షన్‌లో బళ్ళు అడ్డదారి పట్టకుండా రోడ్డు మధ్య పాతే స్తంభాల్లాంటివే. జర్మనీలో అలాంటి స్తంభాల పేరే వీటికి పెట్టారు. పై ముక్కలో ఒకటి రాడ్‌కు వెనకగా, ఒకటి బయటివైపుగా పడితే వంకరకు చోటే ఉండదు. ఎక్స్‌రేలో దేనికీ బిగించనట్టు విడిగా కనబడే స్క్రూను చూసి "ఇది పొరపాటున మిగిలిపోయిందా" అని కంగారుపడేవాళ్ళున్నారు. అది కావాలని వేసిందే.

చీలమండకు దగ్గరగా విరిగితే

రాడ్‌కీ ప్లేటుకీ అసలు పోటీ ఇక్కడే. కిందికి వచ్చేకొద్దీ మూలుగ గొట్టం గరాటులా వెడల్పవుతుంది. నడిమిలో బిగుతుగా పట్టిన 9 మిల్లీమీటర్ల రాడ్ ఇక్కడ కుండలో గరిటెలా ఆడుతుంది. గైడ్ తీగ సరిగ్గా మధ్యలో దిగకపోతే రాడ్ ఏ వైపు దిగితే పాదం ఆ వాలుకే సెట్టవుతుంది. కొత్తరకం రాడ్లలో చివరికి బాగా దగ్గరగా మూడు నాలుగు రంధ్రాలు, వేర్వేరు దిక్కులకు, ఉంటాయి కనుక కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులో విరిగినా పట్టు దొరుకుతుంది. పాత సెట్టులో ఒక్క బోల్టే పట్టేలా ఉంటే అక్కడ రాడ్ వేయకపోవడమే మంచిది.

ప్లేటైతే చీలమండ లోపలి గుబ్బ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, చర్మం కిందుగా, ఎముక మీదుగా పైకి జార్చి, పైన చిన్న చిన్న గాట్లలోంచి లాకింగ్ స్క్రూలు (తల ప్లేటు రంధ్రంలోనే బిగుసుకునేవి) బిగిస్తారు. విరిగినచోటును తెరవరు. ఎముకను నిటారుగా పట్టడంలో ప్లేటుకే పై చెయ్యి. చర్మం దగ్గరే అది ఓడిపోతుంది. అక్కడి చర్మం అప్పడంలా పలచగా ఉంటుంది. కింద 4 మిల్లీమీటర్ల ఉక్కు పెడితే కుట్లు బిగుసుకుంటాయి. వాపు ఉండగా కోస్తే నల్లబడి, విచ్చుకుని, లోహం కనబడుతుంది. అందుకే మంచి సర్జన్ మొదటిరోజే ప్లేటు వేయడు. తాత్కాలికంగా పిన్నులతో పట్టే బయటి ఫ్రేమో, సగం పిండికట్టయిన స్లాబో వేసి, కాలు ఎత్తు మీద ఉంచి, 7 నుంచి 14 రోజులు ఆగుతాడు. వాపు తీసిందనడానికి గుర్తు చర్మం మీద మళ్ళీ ముడతలు కనబడడం. నీటి బొబ్బలుంటే అవి మాని పొర కట్టేదాకా ఆగాలి. రక్తపు బొబ్బల మీదుగా కోత పెట్టనే కూడదు. "వారంనుంచి పడుకోబెట్టారు, ఆపరేషన్ చేయట్లేదు" అన్న ఫిర్యాదు చాలాసార్లు ఈ ఆగడం గురించే.

బ్రిటన్‌లో 321 మంది మీద జరిగి 2017లో అచ్చయిన ఫిక్స్‌డిటి అధ్యయనం సరిగ్గా ఈ చోటు విరుగుకే రాడ్‌నీ ప్లేటునీ పక్కపక్కన పెట్టి చూసింది. మూడు నెలలకు రాడ్ వాళ్ళు కాస్త ముందున్నారు. ఆరు నెలలకు తేడా చెరిగిపోయింది. అంటే రెండూ చివరికి ఒకే చోటుకు చేరుస్తాయి. దారిలో ఎవరికి ఏ ఇబ్బంది తట్టుకోగలిగేదో చూసుకోవాలి. స్టీల్‌ప్లాంటులోనో షిప్‌యార్డులోనో ఎనిమిది గంటలు సేఫ్టీ బూట్లు తొడుక్కునే మనిషికి లోపలి గుబ్బ మీద ప్లేటుంటే, బూటు పైఅంచు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. సంవత్సరం తిరక్కుండానే ప్లేటు తీసేయమని వస్తారు. అలాంటివారికి రాడ్ కుదిరితే రాడ్డే. అదే మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ పరిచే మేస్త్రీకి, కీలుకు మరీ దగ్గరగా విరిగినప్పుడు, ప్లేటు వైపు మొగ్గడమే న్యాయం. షుగర్ ఉండి, కాలి చర్మం నల్లబడి, నాడి సన్నగా కొట్టుకునే పెద్దవయసువారికి లోపలివైపు ప్లేటంటే ఎవరైనా రెండుసార్లు ఆలోచించాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటొకటుంది. కింది మూడోవంతులో మెలితిరిగి స్ప్రింగులా విరిగిన టిబియాకు చాలాసార్లు చీలమండ వెనక అంచులో ఇంకో పగులు తోడుంటుంది. మామూలు ఎక్స్‌రేలో అది దాక్కుంటుంది. రాడ్ కొట్టేటప్పుడు ఆ దెబ్బకు అది విడిపోయి కీలు చెడుతుంది. అందుకే ఈ రకం విరుగుకు ముందుగా చీలమండకు సీటీ తీయాలి. ఆపరేషన్‌తో పోలిస్తే దాని ఖర్చు ఏపాటిది! ఉందని తేలితే ముందు ఒకటి రెండు స్క్రూలు వేసి, ఆ తరవాతే రాడ్ దించుతారు. ఫిబులా కూడా అదే ఎత్తులో విరిగి ఉంటే దాన్ని ముందు నిలబెట్టడం కాలు పక్కకు వాలిపోకుండా ఉపయోగపడుతుంది. పైనెక్కడో విరిగిన ఫిబులాను మాత్రం ముట్టుకోనక్కర్లేదు.

చర్మం చిట్లి ఎముక కనబడితే

ఇక్కడ లోహం కంటే గడియారం ముఖ్యం. ఇలాంటి గాయాలను గస్టిలో వర్గాలుగా చెబుతారు: ఒక సెంటీమీటరు లోపు చిట్లితే మొదటిది, అంతకు మించి పెద్ద నష్టం లేకపోతే రెండోది, కండలు నలిగి మురికిపడితే మూడోది. మూడోదాంట్లోనే ఎముకను కప్పడానికి చర్మం మిగలకపోతే బి, రక్తనాళం తెగితే సి. మొదటి రెండింటికీ బాగా కడిగాక అదేరోజు రాడ్ వేసేయొచ్చు. మూడో రకానికే ఆలోచన.

యాంటీబయాటిక్ సూది గంటలోపు పడాలి. పాడేరు ఘాట్‌లో పడిపోయినవాళ్ళు విశాఖ చేరేసరికి మూడు గంటలు దాటుతుంది. కనుక ఆ సూది, ధనుర్వాతం సూదితో పాటు, పాడేరులోనో అరకులోనో నర్సీపట్నంలోనో మొదట చేరిన ఆసుపత్రిలోనే పడాలి. గాయం మీద సెలైన్‌లో తడిపిన గుడ్డ కప్పి, పైనా కిందా కీళ్ళు కదలకుండా స్ప్లింటు కట్టి పంపాలి. కాలి వేళ్ళ మెట్టెలు, పట్టీలు అప్పుడే తీసేయాలి. వాపెక్కాక మెట్టె వేలిని కోసుకుపోతుంది, దాన్ని కట్ చేయడానికి మళ్ళీ ఇంకో అరగంట. పసుపు, కాఫీపొడి, ఆకుపసరు గాయంలో పెడితే అది కడగడానికి పట్టే సమయం చీము పట్టడానికి కలిసొస్తుంది.

థియేటర్లో కడగడానికి సెలైన్ చాలు. మొదటి రకానికి 3 లీటర్లు, రెండోదానికి 6, మూడోదానికి 9 అన్నది ఎప్పటినుంచో ఉన్న లెక్క. 2015లో వచ్చిన ఫ్లో అధ్యయనంలో సబ్బునీటితో కడిగినవాళ్ళకు మళ్ళీ థియేటర్‌కెళ్ళాల్సిన అవసరం ఎక్కువపడింది. ఒత్తిడితో చిమ్మడం వల్ల ప్రత్యేక లాభం కనబడలేదు. సీసాను కాస్త ఎత్తులో వేలాడదీసి నెమ్మదిగా పోస్తే సరిపోతుంది. నీళ్ళకంటే చచ్చిన కండను కోసి పారేయడమే అసలు పని. గిల్లితే ముడుచుకోని, కోస్తే రక్తం రాని కండ ఎంతున్నా తీసేయాల్సిందే.

ఫిషింగ్ హార్బర్‌లో వించి తాడు తగిలో, పడవ అంచుకు నలిగో విరిగిన కాలైతే సముద్రపు నీరు తగిలిందన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఉప్పునీటిలో విబ్రియో అనే సూక్ష్మజీవి ఉంటుంది, మామూలు యాంటీబయాటిక్ ఒక్కటే దానికి చాలదు. అలాంటి గాయాన్నీ, మురుగుకాలవలోనో పేడమట్టిలోనో పడిన గాయాన్నీ తెల్లారేదాకా ఆపకుండా వెంటనే కడగాలి.

చర్మం మిగలని గాయాలకు మొదటిరోజు బయటి ఫ్రేమే ఆదుకుంటుంది. పై ముక్కలో రెండు, కింది ముక్కలో రెండు, 5 మిల్లీమీటర్ల పిన్నులు దించి బయట కడ్డీతో కలుపుతారు. అరగంట పని, రక్తం పెద్దగా పోదు. దాన్నే ఆఖరిదాకా ఉంచి ఎముక అతికించాలని చూడడం మాత్రం పాతపద్ధతి. పిన్నులు వదులై, చీముపట్టి, వంకర మిగులుతుంది. మార్చి రాడ్ వేయాలంటే రెండు వారాల లోపే వేయాలి. అది దాటితే పిన్ను రంధ్రాల చీము మూలుగలోకి ఎక్కే ప్రమాదం పెరుగుతుంది. ఎముకను కండతో కప్పడానికి 72 గంటల లోపు మంచిది, వారం దాటకూడదు. పై మూడోవంతుకు పిక్క పైకండను తిప్పుతారు, నడిమికి దాని కిందుండే సోలియస్‌ను. కింది మూడోవంతుకు తిప్పడానికి దగ్గర్లో కండ ఉండదు కనుక చాలాసార్లు ఒంట్లో వేరేచోటినుంచి తెచ్చి రక్తనాళాలు కుట్టాలి. అందుకే ఇలాంటి కాలుకు ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు ఎముకల డాక్టరు ఒక్కరుంటే చాలదు, ప్లాస్టిక్ సర్జన్ కూడా ఉన్నారా అని అడగాలి. ఆపరేషన్ అయ్యాక ఈ ప్రశ్న అడిగితే ఆలస్యమే.

ఎముక ముక్కే ఎగిరిపోయి ఖాళీ మిగిలితే, లేదా చీముపట్టి ముక్క తీసేయాల్సొస్తే ఇలిజరోవ్ రింగులు, అంటే కాలి చుట్టూ బిగించే ఉంగరాల ఫ్రేము. ఎముకను మరోచోట కోసి, వారం ఆగి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, పావు మిల్లీమీటరుగా నాలుగుసార్లు నట్టు తిప్పుతూ జరుపుతారు. 5 సెంటీమీటర్ల ఖాళీకి జరపడానికే 50 రోజులు. ఆ తరవాత కొత్త ఎముక గట్టిపడడానికి దానికి రెండింతలు పైనే. ఫ్రేముతో ఆరేడు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మన ఊరి ఉక్కపోతలో చెమట పిన్నుల దగ్గర చేరి ఎర్రబడుతుంది కనుక రోజూ కాచి చల్లార్చిన నీటితోనో సెలైన్‌తోనో తుడవాలి. నట్టు తిప్పే పని ఇంట్లో ఒక్కరికే అప్పగించి, ఎన్నిసార్లు తిప్పారో కేలండరు మీద గీతలు పెట్టుకోవాలి.

అసలు కోయకుండా కుదరదా?

కుదిరేవీ ఉన్నాయి. ముక్కలు పెద్దగా జరగకుండా, కురచదనం ఒక సెంటీమీటరు లోపు, పక్కవంపు 5 డిగ్రీలలోపు, ముందువెనకల వంపు 10 లోపు ఉంటే పిండికట్టుతో నయమవుతుంది. ముందు తొడ దాకా, మూడు నుంచి ఐదు వారాలకు మోకాలి కింది దాకా కుదించిన కట్టు. మొదటి నెల వారంవారం ఎక్స్‌రే తప్పదు. ఫిబులా విరగలేదని సంబరపడకండి. అది ఆసరాగా నిలబడి టిబియాను లోపలికి వంచేస్తుంది.

వెదురుబద్దల నాటు కట్టు సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. బిగుతు కట్టు కింద వాపు పెరిగితే లోపల ఒత్తిడి పెరిగి కండలు చచ్చిపోతాయి. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటే అదే. ఆసుపత్రి పిండికట్టు కింద కూడా, కట్టే లేకపోయినా, రాడ్ వేశాక కూడా రావచ్చు. గుర్తు పట్టడం కష్టం కాదు: సూది వేసినా తగ్గని నొప్పి, పైగా కాలి బొటనవేలిని మెల్లగా వంచి చాపితే పిక్కలో ప్రాణం పోయినంత నొప్పి. పాదంలో నాడి కొట్టుకుంటోందని ధైర్యపడకూడదు, అది చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది. లోపలి ఒత్తిడి కొలిస్తే లెక్క ఇది: కింది బీపీ 70, పిక్కలో ఒత్తిడి 45 ఉంటే తేడా 25. తేడా 30 కంటే తగ్గితే వెంటనే పొరలు కోసి కాలి కండలుండే నాలుగు గదులూ తెరవాలి. ఐదారు గంటలు గడిస్తే తెరిచినా దక్కేది తక్కువ.

ఆ తరవాత

నడిమధ్య అడ్డంగా విరిగి రాడ్ పడినవాళ్ళు మర్నాడే వాకర్‌తో ఓర్చుకోగలిగినంత బరువు మోపొచ్చు. మెలితిరిగి లేదా నుగ్గయి విరిగితే ఆరు వారాలు సగం బరువు. ప్లేటైతే ఆరు నుంచి ఎనిమిది వారాలు పాదం నేలకు తాకించడమే. ఈ తేడా జీతం పోయేవాళ్ళకు పెద్దదే. ప్లేటు పడిన మనిషి నెలకే డ్యూటీకి పోయి బరువు మోపితే, మూడు నెలలకు ప్లేటు విరుగుతుంది, తప్పు కంపెనీదంటారు. లోహం మూరెడు తీగలాంటిది: పదేపదే వంచితే ఎంత మంచిదైనా తెగుతుంది. ఎముక అతుకుతూ దాని భారం తగ్గిస్తూ పోవాలి.

టైటానియమా స్టీలా అని అడుగుతారు. టైటానియం కొంచెం వంగే గుణమున్నది, ఎముకకు దగ్గర. స్టీలు గట్టిది, చౌక. రాడ్‌లో తేడా అంతగా తెలియదు. టైటానియం లాకింగ్ ప్లేటు స్క్రూలు తలల దగ్గర బిగుసుకుపోయి తీసేటప్పుడు విసిగిస్తాయి. ఒక్కోసారి తల కోసేయాల్సొస్తుంది.

సిగరెట్, బీడీ, చుట్ట అతుకును నెలలు వెనక్కి నెడతాయి. అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న ఆడవాళ్ళను ఈ మాట ఎవరూ అడగరు, అడగాలి. 6, 12 వారాలకు ఎక్స్‌రే తీసి, రెండు కోణాల్లో కలిపి కనబడే నాలుగు అంచుల్లో మూడింటికి కొత్త ఎముక వంతెన కట్టిందో లేదో చూడాలి. చర్మం చిట్లనిదానికి నాలుగు ఐదు నెలలు మామూలే. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఎప్పుడు నడవొచ్చని అడిగేవాళ్ళకు జవాబు ఆ మూడు అంచుల్లోనే ఉంటుంది, నెలల లెక్కలో కాదు. బీచ్‌లో తడి ఇసుక మీద నడక బలమన్న నమ్మకం ఉంది. పాదం పక్కలకు ఒరిగే ఇసుక, మొదటి మూడు నెలలూ వద్దు.

రాడ్ అతుక్కున్నాక తీయించాలన్న నియమం లేదు. మోకాలి నొప్పి మరీ ఎక్కువైతే ఏడాదిన్నర దాటాక తీయొచ్చు, కానీ తీసినవాళ్ళందరికీ నొప్పి పోదు. తీయడానికి రాడ్ ఏ కంపెనీది, ఎంత లావు, ఎంత పొడుగు అన్నది తెలియాలి. ఒక కంపెనీ తలకు ఇంకో కంపెనీ పట్టు పనిముట్టు ఎక్కదు. ఆ వివరాలు ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కరులో ఉంటాయి. డిశ్చార్జి రోజున సంచి సర్దుకునేలోగా ఆ స్టిక్కరు కేస్‌షీటులో అతికించారో లేదో చూసి, ఫోనులో ఒక ఫోటో తీసుకోండి.